ఫోటో వెనుక వ్రాయవలసిన పేరు

(అధ్యక్ష మండల శతవార్షికోత్సవముల సందర్భమున జరిగిన కుటుంబ మైత్రి కూటములో, తెరమీద ఫోటోలు చూపుతూ చేసిన ప్రసంగ పాఠము. ఆ ఫోటోలన్నిటికి ఈ పుస్తకములో చోటు చాలదు గనుక మాటలను మాత్రమే అచ్చువేయుచున్నాము.)



ఉత్సవ కమిటీవారు మాకు అప్పగించిన పని తేలికైనది. "మీ పాస్టరేటువారు 2024 దసరా సెలవులలో యాత్ర చేసి వచ్చారు గదా. ఆ ఫోటోలు చూపించి నాలుగు మాటలు చెప్పండి. భోజనమునకు ముందు పిల్లలకు కాలక్షేపముగా ఉంటుంది" అన్నారు. మేము సంతోషముగా ఒప్పుకొన్నాము. కాని ఫోటోలు వరుసగా పేర్చడానికి కూర్చున్నప్పుడు ఒక సంగతి మమ్మును నిలదీసింది. ఆ సంగతి చెప్పకుండా ఈ ఫోటోలు చూపించడము న్యాయము కాదని తోచింది. కనుక పిల్లలారా, కొండలు, గోపురములు, కోట గుమ్మములు అన్నీ చూపిస్తాము. పెద్దలు మాత్రము చివరివరకు ఓపిక పట్టవలెనని మనవి.

ఇది మొదటి ఫోటో. మా గుడి ముందు మినీబస్సు. ఇరువది ఇద్దరము బయలుదేరాము. మా కుటుంబము నలుగురు, ఇద్దరు సంఘ పెద్దలు వారి ఇంటివారితో, బడి పంతులుగారు, ఆసుపత్రిలో పనిచేసే ఇద్దరు నర్సమ్మలు, పాటల బృందపు పిల్లలు. బస్సు పైన కనబడుతున్న డేగిసాలలో పులిహోర ఉన్నది. మా శ్రీమతి, స్త్రీల మైత్రివారు రాత్రి రెండు గంటలవరకు మేలుకొని చేశారు. ఇక బస్సు మెట్టుమీద ఒక కాలు పెట్టి, తలుపు కమ్మి పట్టుకొని ఉన్న వృద్ధురాలు మా మామ్మగారు. ఎనుబది ఒక్క ఏండ్లు. సంఘమంతా ఆమెను మామ్మగారనే పిలిచేది గనుక ఇక్కడ మేమూ అలాగే పిలుస్తాము. ఆమె పేరు మా సంఘపు పుస్తకములో ఉన్నది.

అసలు ఈ యాత్రకు కారణము ఆమెయే. ఆ ఏడు ఈస్టరు దాటిన తరువాత ఒక ఆదివారము ఆరాధన అయి అందరూ వెళ్ళిపోతూ ఉండగా గుమ్మము దగ్గర నిలబడి, "అయ్యగారూ, మెదకు గుడికి వచ్చే క్రిస్మసుకు నూరేండ్లు నిండుతాయట. ఊపిరి ఉండగా ఒక్కసారి చూపించండి. మా తాత ఆ గుడికి రాళ్ళు మోశాడు" అన్నది. ఆమె తల్లిది మెదకు సీమ. మన వైపు ఉద్యోగము చేసిన ఒక ఉపాధ్యాయుని పెండ్లాడి ఇటు వచ్చింది. మామ్మగారు ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగింది. మెదకు గుడిని క్యాలెండరుమీద చూచినదే గాని కంటితో చూడలేదు.

ఇది ఒంగోలు. తెల్లవారుజామున ప్రార్థన కొండ. పెద్ద కొండ కాదు, మా పిల్లలు పరుగుననే ఎక్కారు. మామ్మగారు బస్సులోనే కూర్చున్నది. సూర్యుడు లేస్తున్నప్పుడు మేమందరము సూర్యునికి వీపు పెట్టి వరుసగా నిలబడి ఫోటో తీయించుకొన్నాము. చూడండి, అందరి ముఖములు నల్లగా పడ్డాయి! ఎవరు ఎవరో చీరకొంగును బట్టి, చొక్కా పొడుగును బట్టి గుర్తుపట్టవలసి వచ్చింది. ఉదయపు వెలుగు ముఖముమీద పడేటట్లు నిలబడవలెనని ఫోటోలు తీసే పిల్లవాడికి కూడా తెలుసు. మా తొందర అటువంటిది.

ఈ కొండ కథ మీలో చాలామందికి తెలుసు. 1854 జనవరి 1వ తేదీన, తెల్లవారకముందే, నెల్లూరునుండి వచ్చిన జూయెట్ దొరగారు ఈ కొండ ఎక్కి, ఒంగోలు సీమకు ఒక సేవకుని పంపుమని ప్రభువును వేడుకొన్నారు. అప్పటికి నెల్లూరు మిషను వలన ఫలము కనబడలేదని అమెరికాలోని వారు దానిని మూసివేయవలెనా అని తర్కించుకొంటున్న కాలమది. పండ్రెండు సంవత్సరములకు, 1866లో, క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టారు. 1876 నుండి 1878 వరకు గొప్ప కరవు. ఆయన బకింగుహాము కాలువ పనిలో ఒక భాగము గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి దొరికేటట్లు చేశారు. కూడు కోసము క్రైస్తవులవుతారేమోనని కరవు కాలమంతా బాప్తిస్మములు ఆపివేశారు. కరవు తీరిన తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ దినమున నీళ్ళలో దిగి బాప్తిస్మమిచ్చినది దొరగారు కాదు, మన తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా ఆరుగురు ఇచ్చారు.

మేము కొండమీద ఈ కథ చెప్పి ప్రార్థన చేసి దిగి వచ్చాము. బస్సులో మామ్మగారు అడిగింది: "దొరగారు ఒక్కరే ఎక్కారా, ఎవరైనా కూడా వెళ్ళారా?" బడి పంతులుగారు చరిత్ర బాగా చదువుకొన్నవారు. ఆయన చెప్పారు: "అయిదుగురు ఎక్కారు మామ్మగారూ. దొరగారు, దొరసానిగారు, నర్సు అనే సహోదరుడు, జూలియమ్మ, రూతమ్మ." ఆమె ఆ పేర్లను మెల్లగా తిరిగి చెప్పుకొన్నది. "ఆడవాళ్ళు ఇద్దరు మనవాళ్ళన్నమాట" అన్నది. ఆమె అడగకపోతే మేము జూయెట్ దొరగారి పేరుతోనే సరిపెట్టుకొని వచ్చేవాళ్ళము.

రెండవ దినము దోర్నకల్లు. ఇది ఎపిఫనీ దేవాలయము, 1939లో ప్రతిష్ఠింపబడినది. గుమ్మటములు చూస్తే మసీదు జ్ఞాపకమునకు వస్తుంది, స్తంభములు చూస్తే మన దక్షిణదేశపు కోవెల మండపము జ్ఞాపకమునకు వస్తుంది. పైన సిలువ. ఈ దేశపు పనివాని చేతికి అలవాటైన అందముతోనే ఈ దేశపు దేవాలయము ఉండవలెనని అజరయ్య బిషప్పుగారి ఆశ. ఆయన తెలుగువారు కారు. 1874లో తిరునల్వేలి సీమలో పుట్టిన తమిళుడు. 1909లో తిరునల్వేలి సంఘములు కానుకలిచ్చి స్థాపించుకొన్న మిషనరీ సంఘము తరఫున దోర్నకల్లుకు వచ్చి మన భాష నేర్చుకొన్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ దేవాలయములో బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికను సంఘములో మన దేశస్థుడు బిషప్పు కావడము అదే మొదలు. 1945 జనవరి 1న ప్రభునందు నిద్రించారు.

ఈ ఫోటోలో స్తంభము దగ్గర మేము నవ్వుతూ నిలబడి ఉన్నాము గదా. పక్కనున్నది మాతో వేదాంత కళాశాలలో చదివిన స్నేహితుడు. ఇప్పుడు ఆ ప్రాంతములోనే సేవ చేయుచున్నారు. మేము వస్తున్నామని తెలిసి భార్యను, పిల్లలను వెంటబెట్టుకొని మోటారుసైకిలుమీద వచ్చారు. జేబులోనుండి ఒక పాత ఫోటో తీశారు. కళాశాలలో మా తరగతి అంతా కలిసి తీయించుకొన్నది. చెట్టుక్రింద మూడు వరుసలు. ఇద్దరము కూర్చొని వ్రేలు పెట్టి ఒక్కొక్కరిని చెప్పుకొన్నాము. వీరు ఇప్పుడు ఫలానా ఊరిలో, వీరు పదవీ విరమణకు దగ్గర, వీరు మనకంటె ముందే వెళ్ళిపోయారు. చివరి వరుసలో కుడివైపు అంచున ఒకరున్నారు. సన్నగా, పొడుగు చేతుల చొక్కా. ఆయన ఎవరో మాకిద్దరికీ తెలియలేదు. మూడేండ్లు ఒకే బల్లమీద అన్నము తిన్నవారము. ఫోటో వెనుక తిప్పి చూచాము. స్టూడియో ముద్ర ఉన్నది, తేదీ ఉన్నది, పేర్లు లేవు.

1910లో ఎడింబరో నగరములో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్యగారు లేచి, మిషనరీలు మాకు ఎన్నో ఇచ్చారు గాని స్నేహితులుగా ఇంకా రాలేదు అనే భావముతో మాటలాడారు. ఆ సభలో అది కొందరికి కష్టము కలిగించినది. వారి సమాధి దగ్గర నిలబడి ఆ మాట మా పిల్లలకు మేమే వివరించి చెప్పాము. జేబులో పేరు తెలియని స్నేహితుని ఫోటో పెట్టుకొని చెప్పాము.

మూడవ దినము మెదకు. దూరమునుండి గోపురము కనబడగానే బస్సులో కేకలు. ఫోన్లన్నీ కిటికీలలోనుండి బయటకు వచ్చాయి. ఈ వరుస ఫోటోలన్నీ అవే. సగము గోపురము, సగము కరెంటు స్తంభము. లోపలికి వెళ్ళిన తరువాత తీసినవి ఇవి. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్టుగారి కాలములో, 1914లో పని మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. వెడల్పు 100 అడుగులు, పొడవు 200 అడుగులు. గోపురము 175 అడుగులు. వేలమంది కూర్చొని ఆరాధించవచ్చును. ఈ రంగు అద్దముల కిటికీలు మూడు. బల్ల వెనుక ప్రభువు ఆరోహణము 1927లోను, పడమట జననము 1947లోను, సిలువ మరణము 1958లోను పెట్టబడినవి. బయట ఎండ ఉంటేనే లోపల ఈ బొమ్మలు వెలుగుతాయి. చీకటి పడితే లోపల ఎన్ని దీపములు పెట్టినా అవి కనబడవు. మేము పదకొండు గంటలకు వెళ్ళాము గనుక బాగా పడ్డాయి.

ఈ గుడి కట్టిన కాలములో ఆ సీమలో కరవు. మొదటి ప్రపంచ యుద్ధము కూడా ఆ సంవత్సరములలోనే. ఆకలిగొన్న వారికి ఊరకే ధర్మము చేయక, గుడిపని కల్పించి అన్నము పెట్టారని అక్కడివారు నేటికీ కృతజ్ఞతతో చెప్పుకొంటారు.

మామ్మగారు చెప్పులు విడిచి, గుడి బయటి గోడ వెంబడి మెల్లగా నడిచింది. ఒకచోట ఆగి బూడిదరంగు రాతిమీద అరచేయి పెట్టింది. "మా తాత మోసిన రాయి వీటిలో ఏదో ఒకటి" అన్నది. అప్పటికి ఆయన పదునాలుగేండ్ల పిల్లవాడట. తండ్రి లేడు. తల్లీ కొడుకూ కలిసి పొద్దున వచ్చి రాళ్ళు, సున్నము మోసి, సాయంత్రము గింజలు కొంగున కట్టుకొని పోయేవారట. పని అయిపోయిన తరువాత ఆ పిల్లవాడు అక్షరములు నేర్చుకొని, బాప్తిస్మము పొంది, ఒక పల్లెలో ఉపదేశిగా చాలాకాలము పనిచేశాడట. ఆయన పాత పేరు ఇది, బాప్తిస్మపు పేరు ఇది, ఆ పల్లె ఫలానా అని ఆమె వివరముగా చెప్పింది. మేము పక్కనే ఉన్నాము. విన్నాము. తల ఊపాము. ఆ నిమిషములో మా కన్ను గడియారముమీద ఉన్నది. భోజనమునకు ముందు కోట ఎక్కవలెనని పిల్లలు తొందరపెట్టుచున్నారు.

"అయ్యగారూ, ఇక్కడ నాదొక ఫోటో తీయండి" అన్నది మామ్మగారు. తీశాము. ఇదిగో ఆ ఫోటో. గోపురము శిఖరమువరకు రావలెనని మేము వెనుకకు, ఇంకా వెనుకకు నడిచి తీశాము. గోపురమంతా చక్కగా వచ్చింది. అడుగున, ఎడమ మూలన, తెల్లచీర ఒకటి చుక్కవలె కనబడుతున్నది గదా. అదే మామ్మగారు. పెద్దది చేసి చూచినా ముఖము తెలియదు.

తరువాత కోట. కాకతీయుల కాలపుదని చెప్పుదురు. తరువాత కుతుబ్‌షాహీల చేతికి వచ్చినది. ప్రథమ ద్వారము, సింహ ద్వారము, గజ ద్వారము అని మూడు గుమ్మములు. పైన పాత మసీదు, ధాన్యపు కొట్లు. ఈ ఫోటోలో బండమీద ఆయాసపడుతూ కూర్చున్నది మేమే! పిల్లలు మాకంటె అరగంట ముందే ఎక్కి పైనుండి చేతులు ఊపుచున్నారు. పైనుండి ఊరంతా, చెరువులు, పొలములు, వాటి నడుమ గుడి గోపురము కనబడినవి. చాలా సంతోషముగా గడిపాము. ఆ కొండమీద తీసిన ఫోటోలే నూటికి పైగా ఉన్నాయి.

మామ్మగారు ఎక్కలేదు. క్రింద చెట్టునీడన కూర్చొని మా సంచులు, నీళ్ళ సీసాలు, పిల్లలు బూట్లు వేసుకొని విడిచిన చెప్పులు అన్నిటికీ కాపలా ఉన్నది.

యాత్ర ముగించుకొని వచ్చాము. ఫోటోలు ఒకరికొకరు వాట్సాప్‌లో పంపుకొన్నాము. పదునాలుగు ఫోన్లలో తీసినవి అన్నీ కలిపితే ఆరు వందలకు పైగా లెక్క తేలినవి. వారము రోజులు అందరూ వాటినే చూచుకొన్నారు. తరువాత వేరే ఫోటోలు వచ్చాయి.

డిసెంబరు మొదటి వారములో మామ్మగారు నిద్రలోనే ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయింది. మెదకు గుడికి నూరేండ్లు నిండిన క్రిస్మసు ఇంక మూడు వారములున్నది. బెంగుళూరునుండి కుమారుడు వచ్చారు. "అయ్యగారూ, అమ్మ ఫోటో ఒకటి కావాలి. ఇంట్లో ఉన్నవన్నీ పాతవి. యాత్రలో తీసినవి ఉంటాయి గదా" అన్నారు. మేము, మా శ్రీమతి, పంతులుగారు కూర్చొని ఆరు వందల ఫోటోలూ వెదికాము. గోపురములు ఉన్నాయి. కిటికీలు ఉన్నాయి. పులిహోర డేగిసాలు మూడు కోణములలో ఉన్నాయి. కోతి ఉన్నది. మామ్మగారి ముఖము మాత్రము లేదు. బస్సు మెట్టుమీద ఉన్నదానిలో ముఖము పక్కకు తిరిగియున్నది. గుడి దగ్గర తీసినదానిలో చుక్క మాత్రమే ఉన్నది.

చివరికి మా చిన్నవాని ఫోనులో ఒకటి దొరికినది. వానికి పండ్రెండేండ్లు. కోట దిగివచ్చి, చెప్పులు తీసుకోబోతూ, సరదాకు తీశాడట. దానిని ఎవరికీ పంపలేదు. అందులో గోపురము లేదు, కోట లేదు. మామ్మగారు చెప్పుల గుట్ట నడుమ కూర్చొని పండ్లు లేని నోటితో నవ్వుచున్నది. ఆ ఫోటోనే పెద్దది చేయించి శవపేటిక దగ్గర పెట్టాము.

సమాధి కార్యక్రమములో ఆమె జీవిత చరిత్ర చదవవలెను గదా. మెదకు గుడికి రాళ్ళు మోసిన తాతగారి సంగతి తప్పక చెప్పవలెననుకొన్నాము. పేరు వ్రాయబోయి కలము ఆగిపోయినది. పేరు జ్ఞాపకము లేదు. కుమారుని అడిగితే, "అమ్మ ఎప్పుడూ తాత అనే చెప్పేది అయ్యగారూ" అన్నారు. పంతులుగారిని అడిగాము. ఆయన ఆ సమయములో కిటికీల ఫోటోలు తీయుచున్నారు. ఆ గోడ దగ్గర ఉన్నది మేము. విన్నది మేము. ఊరు కూడా పోయినది. మొదటి అక్షరము కూడా రాలేదు.

తరువాత ఆ ప్రాంతములోని ఒక గురువుగారికి ఉత్తరము వ్రాశాము. ఆయన దయతో వెంటనే జవాబిచ్చారు. పాత రిజిస్టర్లు వెదకడానికి సిద్ధముగా ఉన్నారు. "పేరేమిటి? ఏ ఊరు? సుమారుగా ఏ సంవత్సరములో బాప్తిస్మము?" అని అడిగారు. మూడు ప్రశ్నలకూ మా దగ్గర జవాబు లేదు. ఆ ఉత్తరము నేటికీ మా బల్లమీద ఉన్నది.

ప్రియులారా, ఈ సంగతి మా తప్పు ఒప్పుకొనుటకు మాత్రమే చెప్పుట లేదు. ఒంగోలు కొండమీద 1854లో అయిదుగురు ప్రార్థించిన ఆ ఉదయమునకు ఫోటో లేదు. పేర్లు ఉన్నాయి. ఎవరో శ్రద్ధగా వ్రాసిపెట్టారు గనుక జూలియమ్మ, రూతమ్మ నేడు మన నోట పలుకుచున్నారు. మాకు పదునాలుగు ఫోన్లు, ఆరు వందల ఫోటోలు. ఒక్క పేరు నిలుపుకోలేకపోయాము.

వేదాంత కళాశాలలో చదివే రోజులలో నెహెమ్యా గ్రంథము 3వ అధ్యాయము వస్తే పుటలు త్రిప్పివేసేవాళ్ళము. అన్నీ పేర్లే. ఫలానావాని కుమారుడు ఫలానావాడు ఈ గుమ్మము బాగుచేసెను, అతని ప్రక్కన మరియొకడు. కంసాలులున్నారు, పరిమళద్రవ్యములు చేయువారున్నారు, షల్లూము అనే అధిపతితో కూడ అతని కుమార్తెలున్నారు. పరీక్షకు ఇది రాదులే అనుకొనేవాళ్ళము. ఇప్పుడు ఆ అధ్యాయము చదువుతుంటే దాని విలువ తెలియుచున్నది. గోడ ఎంత ఎత్తో నెహెమ్యా చెప్పలేదు. ఏ భాగము ఎవరు కట్టారో చెప్పాడు.

మన విషయములో ఇది మరీ ముఖ్యము. మన తాతలలో చాలామందిని ఊరిలో పేరు పెట్టి పిలిచినవారు లేరు. "ఒరే" అన్నారు, కులము పేరుతో పిలిచారు, ఎవరి పాలేరో చెప్పి ఆనవాలు పట్టారు. అటువంటివారి పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ అన్నీ సిరాతో ఒక పుస్తకములో వ్రాయబడినది మన బాప్తిస్మపు రిజిస్టరులోనే. సంఘము వారికి మొదట ఇచ్చిన గౌరవము అది. గుండ్లకమ్మలో 2,222 అనే లెక్క మనమందరము గర్వముగా చెప్పుకొంటాము. ఆ లెక్కలోని ప్రతి ఒక్కరికీ ఒక పేరు ఉండెను. ఆ పేర్లను మనము పోగొట్టుకొంటే, ఊరు వారికి చేసినదే మనమూ చేసినట్లవుతుంది.

మా పాస్టరేటులో ఏమి చేయుచున్నామో చెప్పి ముగిస్తాము. 2025 లెంటు దినములనుండి నెలలో కడపటి ఆదివారము ఆరాధన తరువాత ఒక గంట "ఫోటోల ఆదివారము" పెట్టుకొన్నాము. ఇళ్ళలోని పాత ఫోటోలు తెస్తారు. వృద్ధులు నడుమ కూర్చొంటారు, సండేస్కూలు పిల్లలు పెన్సిలు పట్టుకొని పక్కన కూర్చొంటారు. ఎడమనుండి కుడికి ఒక్కొక్కరి పేరు, ఊరు, సంవత్సరము, సందర్భము వ్రాస్తారు. మెత్తని పెన్సిలుతో, ఫోటో వెనుక అంచున, తేలికగా వ్రాయవలెను. బాల్‌పెన్నుతో నొక్కి వ్రాస్తే ముందువైపు గీత పడుతుంది, సిరా అంటుకొంటుంది. ఫోటోలను జిగురుతో ఆల్బములో అతికించవద్దు. అతికిస్తే వెనుక వ్రాసినది మరల ఎవరికీ కనబడదు. గోడకు ఆనించి తేమలో పెట్టవద్దు. ఫోన్లలో తీసినవాటిలో ప్రతి యాత్రకు, ప్రతి పెండ్లికి ఇరువదింటిని ఎంచుకొని కాగితముమీద అచ్చు తీయించి వాటి వెనుక కూడా వ్రాయుచున్నాము. ఫోను మారితే ఫోటోలు పోవుట మనమందరము ఎరుగుదుము. పాత రిజిస్టర్లను చెదలకు వదలకుండా ఒక్కొక్క పుటకు ఫోటో తీసి, వాటి నకలు రెండుచోట్ల ఉంచుచున్నాము.

మా వెస్ట్రీ గోడమీద ఒక పాత గ్రూపు ఫోటో ఉన్నది. ముందు కుర్చీలలో కూర్చొన్న దొరలకు, దొరసానులకు క్రింద పేర్లు అచ్చువేసి ఉన్నాయి. వెనుక నిలబడిన రెండు వరుసల మనవారికి ఏమీ లేదు. ఇన్నేండ్లుగా దానిక్రిందనే కూర్చొని కమిటీ మీటింగులు జరుపుకొన్నాము. ఇప్పుడు వెనుక వరుసలలో ఏడుగురి పేర్లు తెలిసినవి. ఎనిమిదవ ఆయన తలపాగా చుట్టుకొని ఉన్నాడు. ఆయన తన పెదనాన్న అని ఒక అమ్మమ్మగారు, కాదు తన మేనమామ అని మరొక అమ్మమ్మగారు రెండు ఆదివారములు వాదించుకొన్నారు. పిల్లలు రెండు పేర్లూ వ్రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టారు. ఆ వాదము ఇంకా తెగలేదు. తెగకపోయినా మేలే. మొన్నటివరకు ఆ తలపాగా ఆయన ఎవరికీ ఏమీ కాడు, ఇప్పుడు రెండు ఇండ్లవారు మావాడంటే మావాడంటున్నారు.

కనుక ఈ శతవార్షిక సంవత్సరములో ప్రతి పాస్టరేటుకు మా మనవి ఒక్కటే. గుడికి సున్నము వేయించండి, గోపురమునకు దీపములు పెట్టండి, ఫోటోలు తీసుకొనండి. దానితోపాటు మీ సంఘములో ఎనుబది దాటినవారి దగ్గరకు ఒక పుస్తకము, పెన్సిలు పట్టుకొని వెళ్ళండి. వచ్చే నెల అనవద్దు. మేము యాత్ర చేసిన తరువాత మాకు దొరికినది రెండు నెలలు మాత్రమే. ఆ రెండు నెలలలో ప్రతి ఆదివారము ఆమె మూడవ వరుసలో కూర్చొన్నది. ఒక్కసారి అడిగితే మళ్ళీ చెప్పేది.

ఇది కడపటి ఫోటో. చెప్పుల నడుమ నవ్వుచున్న మా మామ్మగారు. దీని వెనుక మా చిన్నవాడు తన చేతితో ఆమె పూర్తి పేరు, మెదకు కోట క్రింద, అక్టోబరు 2024 అని వ్రాశాడు. దాని క్రింద "ఈమె తాతగారు మెదకు గుడికి రాళ్ళు మోశారు. ఆయన పేరు" అని వ్రాసి, ఒక గీత గీసి, ఖాళీ ఉంచాడు. ఎందుకురా అని అడిగితే, "ఎవరికైనా తెలిస్తే వ్రాయడానికి నాన్నగారూ" అన్నాడు.

ఈ కూటమునకు మెదకు ప్రాంతమునుండి వచ్చిన బంధువులు కొందరున్నారని విన్నాము. తండ్రి లేక, తల్లితో కలిసి రాళ్ళు మోసి, తరువాత ఉపదేశియై, కుమార్తెను కోస్తా వైపు ఉపాధ్యాయునికి ఇచ్చి పెండ్లిచేసిన ఒక పెద్దమనిషి కథ మీ ఇండ్లలో ఎవరైనా చెప్పుకొన్నట్లయితే, భోజనముల దగ్గర దయచేసి మమ్మును కలిసికొనండి. మా చిన్నవాని దగ్గర పెన్సిలు ఉన్నది.

మన పేర్లన్నీ ఎరిగిన తండ్రి, ఈ నూరేండ్లు మనలను నడిపించినట్లే ఇకముందును నడిపించునుగాక.